దోషానికి తగిన దండన

కుష్ఠు వ్యాధికి వైద్యశాస్త్రంలో హాన్సెన్ వ్యాధి అని మరొక పేరు ఉంది. శతాబ్దాల తరబడి దైవశాపంగానో, వంశదోషంగానో భావింపబడిన ఆ వ్యాధికి ఒక సూక్ష్మజీవి కారణమని కనుగొన్న నార్వే దేశపు వైద్యుని పేరు మీదుగా ఆ పేరు ఏర్పడింది. ఆయన పూర్తి పేరు గెర్హార్డ్ హెన్రిక్ ఆర్మవర్ హాన్సెన్. వైద్యశాస్త్ర చరిత్రలో ఆయన స్థానం సుస్థిరమైనది. అయితే ఆయనకు శాశ్వత కీర్తిని ఆర్జించిపెట్టిన నగరంలోనే, ఒక నిరుపేద రోగిణి పట్ల చేసిన అపచారానికి ఆయన న్యాయస్థానంలో ముద్దాయిగా నిలబడవలసివచ్చింది. నేరం రుజువైంది, శిక్ష పడింది. విజ్ఞానాన్వేషణలో నీతి తప్పినవారికి ఎటువంటి శిక్ష తగినదో ఆలోచించేవారికి హాన్సెన్ జీవితం గొప్ప పాఠం.

హాన్సెన్ 1841 జూలై 29వ తేదీన నార్వే పశ్చిమ తీరంలోని బెర్గెన్ నగరంలో జన్మించాడు. ఆయన తండ్రి వర్తకుడు. పదిహేనుమంది సంతానంలో హాన్సెన్ ఎనిమిదవవాడు. ఆయన బాల్యంలోనే తండ్రి వ్యాపారం దెబ్బతిని కుటుంబం ఆర్థికంగా చితికిపోయింది. అయినా హాన్సెన్ చదువు మానలేదు. ఇతరులకు పాఠాలు చెప్పి, వచ్చిన ఆదాయంతో తన చదువు సాగించాడు. రాజధానీ నగరమైన క్రిస్టియానియాలోని విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య అభ్యసించి 1866లో పట్టభద్రుడయ్యాడు. ఆ నగరమే నేటి ఓస్లో. కొంతకాలం లోఫోటెన్ దీవులలో చేపలు పట్టేవారికి వైద్యం చేశాడు. 1868లో స్వస్థలమైన బెర్గెన్‌కు తిరిగివచ్చి, కుష్ఠురోగుల ఆసుపత్రిలో చేరాడు.

ఆనాడు నార్వే పశ్చిమ తీరంలో కుష్ఠు వ్యాధి విజృంభించి ఉండేది. ఐరోపా ఖండంలోని ఇతర దేశాలలో ఎన్నడో తగ్గుముఖం పట్టిన ఈ వ్యాధి అక్కడి పేద రైతులను, మత్స్యకారులను వదలలేదు. బెర్గెన్ నగరంలో వీరికోసం మూడు ఆసుపత్రులు నడిచేవి. వాటిలో సెయింట్ యోర్గెన్ ఆసుపత్రి పదిహేనవ శతాబ్ది నాటిది. ఆ ఆసుపత్రులలో అడుగుపెట్టిన రోగులలో అనేకులు తిరిగి తమ ఇంటి ముఖం చూసేవారు కారు. చికిత్స లేదు, ఆశ లేదు. తిండికీ, నీడకూ, మందుకూ వారు వైద్యులమీదనే ఆధారపడి బ్రతికేవారు. వైద్యుని మాటకు ఎదురుచెప్పగల స్థితి వారికి ఉండేది కాదు. తరువాత జరిగిన కథ అర్థం కావాలంటే ఈ పరిస్థితిని గుర్తుంచుకోవాలి.

బెర్గెన్ ఆసుపత్రులకు డానియెల్ కార్నేలియస్ డానియెల్సెన్ పెద్ద దిక్కు. ఆయన కార్ల్ విల్హెల్మ్ బోయెక్ అనే మరొక పండితునితో కలిసి 1847లో కుష్ఠు వ్యాధిని గురించి ప్రామాణిక గ్రంథాన్ని వెలువరించాడు. ఆ వ్యాధి తల్లిదండ్రులనుండి పిల్లలకు సంక్రమించే వంశపారంపర్య వ్యాధి అని డానియెల్సెన్ దృఢవిశ్వాసం. రోగి దేహంలోని పదార్థాన్ని తన శరీరంలోకే ఎక్కించుకొని పరీక్షించుకున్న సాహసి ఆయన. వ్యాధి సోకకపోవడంతో ఆయన నమ్మకం మరింత బలపడింది. ఆయన వద్ద సహాయకుడుగా చేరిన హాన్సెన్‌కు గురువు మీద గౌరవం ఉన్నా, గురువు సిద్ధాంతం మీద మాత్రం నమ్మకం కుదరలేదు. నార్వే ప్రభుత్వం 1856 నుండి దేశంలోని కుష్ఠురోగుల వివరాలన్నీ ఒక జాతీయ పట్టికలో నమోదు చేస్తూ వచ్చింది. ఆ పట్టికలను హాన్సెన్ శ్రద్ధగా పరిశీలించాడు. రోగులను ఆసుపత్రులలో విడిగా ఉంచిన ప్రాంతాలలో కొత్త రోగుల సంఖ్య తగ్గుతున్నట్లు ఆయనకు తోచింది. వంశదోషమే కారణమైతే ఇది ఎలా సాధ్యం? ఒకరినుండి మరొకరికి వ్యాపించే కారకమేదో ఉండితీరాలని ఆయన భావించాడు.

ఆ కారకాన్ని కనుగొనడానికి కావలసిన నైపుణ్యం కోసం 1870లో ఆయన విదేశాలకు వెళ్ళి, బాన్, వియన్నా నగరాలలో అధ్యయనం చేశాడు. డార్విన్ రచనలు ఆయన ఆలోచనలను గాఢంగా ప్రభావితం చేశాయి. స్వదేశానికి తిరిగివచ్చిన తరువాత, రోగుల చర్మంపై లేచిన బొడిపెలనుండి తీసిన కణజాలాన్ని సూక్ష్మదర్శిని క్రింద దినాల తరబడి పరిశీలించాడు. 1873 ఫిబ్రవరి 28వ తేదీన ఆ కణాలలో సన్నని కడ్డీల వంటి సూక్ష్మజీవులను చూశాడు. రంగులద్ది సూక్ష్మజీవులను స్పష్టంగా చూసే పద్ధతులు అప్పటికి ఇంకా అభివృద్ధి చెందలేదు. అయినా ఆయన తీక్ష్ణ దృష్టి వాటిని గుర్తించింది. ఈ పరిశీలన ఫలితాలను మరుసటి సంవత్సరం ప్రకటించాడు. మానవులలో దీర్ఘకాలం ఉండే ఒక వ్యాధికి సూక్ష్మజీవి కారణమని సూచించిన తొలి పరిశోధనలలో ఇది ఒకటి.

అదే 1873వ సంవత్సరం ఆయన జీవితంలో సంతోషాన్నీ శోకాన్నీ కూడా నింపింది. జనవరిలో డానియెల్సెన్ కుమార్తెను వివాహమాడాడు. ఆ సంవత్సరం గడవకముందే ఆమె క్షయవ్యాధితో మరణించింది. రెండేళ్ళ తరువాత ఆయన మరల వివాహం చేసుకున్నాడు. 1875లో నార్వే ప్రభుత్వం ఆయనను కుష్ఠు వ్యాధి నివారణకు ప్రధాన వైద్యాధికారిగా నియమించింది. దేశమంతటి కుష్ఠురోగుల బాగోగులు ఆయన చేతిలోకి వచ్చాయి. దానితోపాటు బెర్గెన్‌లోని ఆసుపత్రిలో వైద్యుడుగా రోగులకు చికిత్స చేసే బాధ్యత కూడా ఆయనకు ఉండేది.

పదవి వచ్చినా ఆయన మనసుకు శాంతి లేదు. కణజాలంలో సూక్ష్మజీవిని చూడడం వేరు, అదే వ్యాధికి కారణమని నిరూపించడం వేరు. నిరూపించాలంటే ఆ సూక్ష్మజీవిని దేహానికి వెలుపల పెంచాలి. లేదా దానిని మరొక ప్రాణిలో ప్రవేశపెట్టి వ్యాధి పుట్టించి చూపాలి. హాన్సెన్ రెండు మార్గాలూ ప్రయత్నించి విఫలుడయ్యాడు. కుందేళ్ళకు ఎక్కించినా వ్యాధి రాలేదు. కుష్ఠు సూక్ష్మజీవిని కృత్రిమ ఆహారంపై పెంచడం నేటికీ ఎవరికీ సాధ్యం కాలేదు. ఎలుకల పాదాలలో దానిని పెంచవచ్చునని 1960లో గాని తేలలేదు. అంటే హాన్సెన్ ఎదుర్కొన్న చిక్కు ఆయన కాలంలో విడిపోయేది కాదు.

ఇంతలో 1879 వేసవిలో జర్మనీలోని బ్రెస్లావ్ నగరంనుండి ఆల్బర్ట్ నైసర్ అనే యువ వైద్యుడు బెర్గెన్‌కు వచ్చాడు. హాన్సెన్ అతనిని ఆదరించి, రోగుల కణజాల నమూనాలు ఇచ్చి పంపాడు. నైసర్ స్వదేశానికి వెళ్ళి, కొత్త పద్ధతులతో వాటికి రంగులద్ది, సూక్ష్మజీవులను స్పష్టంగా చూడగలిగాడు. కుష్ఠు వ్యాధి కారకాన్ని తానే కనుగొన్నట్లు ప్రకటించుకున్నాడు. హాన్సెన్ తన పూర్వ పరిశోధనలను వివరిస్తూ 1880లో వ్యాసాలు ప్రకటించి తన హక్కును నిలుపుకోవలసివచ్చింది.

నైసర్ వచ్చి వెళ్ళిన కొద్ది నెలలకే హాన్సెన్ జీవితానికి మచ్చ తెచ్చిన ఘటన జరిగింది. కుష్ఠు వ్యాధి ప్రధానంగా రెండు రూపాలలో కనబడుతుంది. ఒక రూపంలో చర్మంపై బొడిపెలు లేస్తాయి. మరొక రూపంలో చర్మం స్పర్శ కోల్పోతుంది. ఒక రూపం గల రోగికి రెండవ రూపపు పదార్థాన్ని ఎక్కిస్తే ఏమవుతుందో చూడాలని హాన్సెన్ తలచాడు. 1879 నవంబర్ 3వ తేదీన, స్పర్శ కోల్పోయే రూపం గల ఒక స్త్రీని పిలిపించాడు. ఆమె వయస్సు 33 సంవత్సరాలు. బొడిపెల రూపం గల రోగి దేహంనుండి తీసిన పదార్థాన్ని, కంటి శుక్లాల శస్త్రచికిత్సకు వాడే సన్నని కత్తితో ఆమె కంటిపొరలోకి ఎక్కించాడు. ఏమి చేయబోతున్నాడో ఆమెకు చెప్పలేదు. ఆమె అనుమతి కోరలేదు. ఆ పని ఆమె వ్యాధిని నయం చేయడానికి ఉద్దేశించినదీ కాదు.

కంటికి కత్తి తగిలినప్పుడు ఆమె పొందిన భయం, అనుభవించిన నొప్పి మాటలకందనివి. అప్పటికే ఒక వ్యాధితో కుమిలిపోతున్న ఆమెను, తన కన్ను ఏమవుతుందో, ఏ కొత్త రూపంలో ఆ వ్యాధి తనను కబళిస్తుందో అన్న ఆందోళన వెన్నాడింది. అయితే ఆమె మౌనంగా భరించి ఊరుకోలేదు. తనకు జరిగిన అన్యాయాన్ని బయటపెట్టింది. ఆసుపత్రి మతగురువు ద్వారా ఆ సంగతి ప్రభుత్వాధికారులకు చేరింది. ప్రభుత్వం ఆ ఫిర్యాదును త్రోసిపుచ్చలేదు. దేశానికి పేరు తెచ్చిన ప్రధాన వైద్యాధికారి మీద, ఆసుపత్రి నాలుగు గోడల మధ్య జీవిస్తున్న ఒక పేద రోగిణి పక్షాన, విచారణ మొదలైంది.

బెర్గెన్ న్యాయస్థానంలో హాన్సెన్ తాను చేసిన పనిని దాచలేదు. రోగిణి అనుమతి అడగలేదని ఒప్పుకున్నాడు. అడిగితే ఆమె నిరాకరిస్తుందని తాను ఎరుగుదునని, ప్రయోగం విలువను తాను చూసిన దృష్టితో ఆమె చూడజాలదని చెప్పాడు. ఆమెకు హాని కలుగదని తాను నమ్మినట్లు కూడా వివరించాడు. నిజానికి ఆ ప్రయోగంవల్ల ఆమె కంటిలో కొత్తగా వ్యాధి పుట్టలేదు. అయితే ఆయన సమర్థనలోనే ఆయన దోషం బయటపడింది. నిరాకరిస్తుందని తెలిసి అడగకపోవడం మరపు అనిపించుకోదు. అది ఆమె నిర్ణయాన్ని తెలిసి తెలిసి కాలదన్నడమే. హాని కలుగలేదన్నది అదృష్టం. అది ఆయన నిర్దోషిత్వానికి సాక్ష్యం కానేరదు.

1880 మే 31వ తేదీన తీర్పు వెలువడింది. న్యాయస్థానం హాన్సెన్‌ను దోషిగా నిర్ణయించింది. బెర్గెన్ కుష్ఠురోగుల ఆసుపత్రిలో వైద్యుని పదవినుండి ఆయనను తొలగించింది. న్యాయస్థానపు ఖర్చులను ఆయనే భరించాలని ఆదేశించింది. దేశానికంతటికీ కుష్ఠు వ్యాధి నివారణ ప్రధాన వైద్యాధికారిగా ఉన్న పదవి మాత్రం ఆయనకు మిగిలింది. వైద్య ప్రయోగాలకు రోగి సమ్మతి తప్పనిసరి అని చెప్పే అంతర్జాతీయ నియమావళి ఏదీ ఆ కాలంలో లేదు. అటువంటి రోజులలో, ఒక ప్రసిద్ధ పరిశోధకుని పేరుప్రతిష్ఠలకు లొంగకుండా న్యాయస్థానం ఈ తీర్పు ఇవ్వడం విశేషం.

ఈ శిక్షను నిశితంగా పరిశీలిస్తే అందులోని ఔచిత్యం బోధపడుతుంది. హాన్సెన్ దుర్వినియోగం చేసినది రోగులపై తనకు గల అధికారాన్ని. ఆసుపత్రి వైద్యుడు కావడంవల్లనే ఆ స్త్రీ ఆయన చేతికి చిక్కింది. న్యాయస్థానం సరిగా ఆ అధికారాన్నే ఆయననుండి తీసివేసింది. మంచాన పడి ఉన్న రోగులు ఇక ఆయన దయాధీనులు కారు. అదే సమయంలో, ఆయన విజ్ఞానంవల్ల దేశానికి కలుగవలసిన మేలుకు ఆ తీర్పు అడ్డు రాలేదు. సూక్ష్మజీవిని కనుగొన్న ఘనత ఆయనకు శిక్ష తప్పించలేదు. శిక్ష పడినంత మాత్రాన ఆ సూక్ష్మజీవి అబద్ధమూ కాలేదు. దోషాన్ని దోషంగా, సత్యాన్ని సత్యంగా విడివిడిగా తూచిన తీర్పు అది.

శిక్షకు ప్రయోజనం ప్రతీకారం ఒక్కటే అయితే దండన ఎంత కఠినంగా ఉంటే అంత మంచిదని అనిపించవచ్చు. శాస్త్రరంగంలో జరిగే అపరాధాలలో పలు తారతమ్యాలు ఉన్నాయి. లేని ఫలితాలను ఉన్నట్లు కల్పించేవాడు జ్ఞానాన్ని కలుషితం చేస్తాడు. పరుల పరిశోధనను తనదిగా చెప్పుకొనేవాడు శ్రమఫలాన్ని అపహరిస్తాడు. సమ్మతి లేకుండా మనిషి దేహంపై ప్రయోగం చేసేవాడు ఆ మనిషిని ఒక పరికరంగా మారుస్తాడు. అన్నింటికీ ఒకే దండన తగదు. ఏ నమ్మకాన్ని భంగపరిచాడో ఆ నమ్మకంతో ముడిపడిన అధికారాన్ని తొలగించడం, బాధితుల మాటకు విలువ ఇవ్వడం, జరిగిన దానిని బహిరంగంగా నిర్ధారించడం తగిన దండనకు ప్రధాన లక్షణాలు. బెర్గెన్ తీర్పులో ఈ మూడూ కనబడతాయి.

అయితే ఆ శిక్ష చాలినదేనా అన్న ప్రశ్న కూడా సహజమే. తీర్పు తరువాత హాన్సెన్ ప్రభుత్వ ఉద్యోగం చెక్కుచెదరలేదు. దేశంలోని రోగుల విషయమై నిర్ణయాలు చేసే అధికారం ఆయనకే ఉండిపోయింది. ఆయన ప్రోద్బలంతో 1877లోను, 1885లోను చట్టాలు వచ్చాయి. 1885 నాటి చట్టం ప్రకారం కుష్ఠురోగులు తమ ఇండ్లలో వేరు గదులలో నివసించాలి. అది సాధ్యం కానప్పుడు వారిని ఆసుపత్రికి తరలించవచ్చు. ఇది రోగుల స్వేచ్ఛను హరిస్తుందని ఆ రోజులలోనే కొందరు విమర్శించారు. ఆరోగ్యవంతుల రక్షణకు ఇది అవసరమని హాన్సెన్ వాదించాడు. ఒక రోగిణి ఇష్టాయిష్టాలను లెక్కచేయని మనిషి వేలాది రోగుల జీవితాలను శాసించే స్థానంలో ఉండవచ్చునా? ఈ ప్రశ్నను కొట్టిపారవేయడానికి వీలులేదు.

మరొకవైపు, ఆ పదవిలో ఉండి ఆయన సాధించిన ఫలితాలను కూడా గుర్తించవలసి ఉంది. 1875లో నార్వేలో 1,700కు పైగా కుష్ఠురోగులు ఉండగా, శతాబ్ది ముగిసే నాటికి వారి సంఖ్య 600 లోపునకు తగ్గింది. జీవన పరిస్థితులు మెరుగుపడడం వంటి ఇతర కారణాలు ఇందుకు తోడ్పడినా, హాన్సెన్ కృషిని కాదనలేము. నార్వేనుండి అమెరికాకు వలసవెళ్ళిన కుటుంబాలను పరిశీలించడానికి ఆయన ఆ దేశానికి కూడా వెళ్ళాడు. అక్కడ పుట్టిన సంతతిలో వ్యాధి కనబడకపోవడం, అది వంశపారంపర్యం కాదన్న ఆయన వాదాన్ని బలపరచింది. న్యాయస్థానం ఆయనను పూర్తిగా వెలివేసి ఉంటే ఈ సేవ లోకానికి దక్కేది కాదు.

విధి వైచిత్రి ఏమంటే, హాన్సెన్‌తో పోటీపడిన నైసర్ కూడా కాలక్రమంలో అదే దోషానికి పాల్పడ్డాడు. 1892లో అతడు సవాయి రోగుల రక్తంనుండి తీసిన ద్రవాన్ని, ఆ వ్యాధి లేని స్త్రీలకు వారి అనుమతి లేకుండా ఎక్కించాడు. వారిలో వేశ్యావృత్తిలో ఉన్నవారు కూడా ఉన్నారు. కొందరికి ఆ వ్యాధి సోకింది. తన ప్రయోగంవల్ల కాక, వారి వృత్తివల్లనే వ్యాధి సోకిందని నైసర్ వాదించాడు. 1898లో అతడు ఈ ప్రయోగాలను ప్రకటించగా జర్మనీలో తీవ్ర నిరసన చెలరేగింది. 1900లో అతనికి 300 మార్కుల జరిమానా పడింది. ప్రసిద్ధ ఆచార్యునికి అది పెద్ద భారం కాదు. కాని ఆ వివాదం ఒక మేలు చేసింది. రోగికి కలుగగల దుష్ఫలితాలను వివరించి, స్పష్టమైన సమ్మతి పొందకుండా చికిత్సకు సంబంధించని ప్రయోగాలు చేయరాదని 1900 డిసెంబర్ 29వ తేదీన ప్రష్యా ప్రభుత్వం వైద్యశాలలకు ఆదేశాలు జారీచేసింది.

ఒక వ్యక్తికి వేసిన శిక్ష అతనితోనే ముగిసిపోతే దాని ప్రయోజనం స్వల్పం. అది అందరినీ కాపాడే నియమంగా మారినప్పుడే సార్థకమవుతుంది. అయితే ఆ నియమాన్ని నిలబెట్టే సంకల్పం కూడా ఉండాలి. అది కొరవడిన జర్మనీలోనే, నాజీల పాలనలో వైద్యులు నిర్బంధితులపై ఘోరమైన ప్రయోగాలు చేశారు. ఆ నేరాలపై విచారణ జరిపిన న్యూరెంబర్గ్ న్యాయస్థానం 1947లో, ప్రయోగానికి లోనయ్యే మనిషి స్వచ్ఛంద సమ్మతి తప్పనిసరి అని ఉద్ఘాటించింది. భారత వైద్య పరిశోధనా మండలి 1980లో ఈ విషయమై తన విధానాన్ని ప్రకటించి, 2000లోను, ఆ తరువాతను సమగ్రమైన మార్గదర్శకాలను వెలువరించింది. బెర్గెన్‌లో ఒక రోగిణి కోరిన న్యాయం ఈ నియమాలన్నింటికీ జీవగర్ర.

హాన్సెన్ చివరివరకు తన పదవిలో కొనసాగాడు. జంతుశాస్త్రంలోను కృషిచేసి, బెర్గెన్ మ్యూజియం అభివృద్ధికి పాటుపడ్డాడు. 1901లో ఆ మ్యూజియం ఉద్యానవనంలో ఆయన విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. 1909లో రెండవ అంతర్జాతీయ కుష్ఠు వ్యాధి మహాసభ బెర్గెన్ నగరంలోనే జరుగగా, ఆయన దానికి అధ్యక్షత వహించాడు. 1912 ఫిబ్రవరి 12వ తేదీన విధి నిర్వహణలో పర్యటిస్తూ ఫ్లోరో అనే పట్టణంలో కన్నుమూశాడు. సెయింట్ యోర్గెన్ ఆసుపత్రిలో మిగిలిన చివరి ఇద్దరు రోగులు 1946లో మరణించారు. ఆ ఆసుపత్రి నేడు ప్రదర్శనశాలగా మారింది. బెర్గెన్ కుష్ఠురోగుల ఆసుపత్రుల పత్రాలను 2001లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది.

హాన్సెన్ పేరు వైద్యగ్రంథాలలో నిలిచి ఉంది. ఆయనను న్యాయస్థానానికి రప్పించిన స్త్రీ పేరు ఎరిగినవారు అరుదు. ఆయన సూక్ష్మజీవిని కనుగొని ఒక వ్యాధి రహస్యాన్ని బయటపెట్టాడు. ఆమె నోరు తెరచి, విజ్ఞానం పేరిట కూడా మనిషి దేహాన్ని దొంగచాటుగా వాడుకొనే హక్కు ఎవరికీ లేదని లోకానికి తెలియజెప్పింది. శాస్త్రజ్ఞుని ప్రతిభను గౌరవిస్తూనే అతని తప్పును దండించగల సమాజంలో రోగికి రక్షణ ఉంటుంది. శాస్త్రానికి గౌరవమూ ఉంటుంది. 1880లో బెర్గెన్ న్యాయస్థానం ఆ రెండింటికీ చోటిచ్చింది.